పదకొండో రకం తప్పు

నా భయం ఒకటే. ఏదో ఒక రోజు నేను అన్నీ సరిగ్గా ఆలోచించి, ఎక్కడా పొరపాటు లేకుండా ఆలోచించి, నా బిడ్డకు కీడు చేస్తానేమోనని.

పాపకు పద్నాలుగు నెలలు. దాని ఒళ్లు వెచ్చబడితే థర్మామీటరు పెట్టి అంకె రాసుకుంటాను. గంట ఆగి మళ్లీ పెట్టి, రెండు అంకెల మధ్య తేడా ఆ థర్మామీటరు మామూలుగా చేసే పొరపాటుకన్నా ఎక్కువా తక్కువా అని చూసుకుంటాను. చదివింది భౌతికశాస్త్రం కాబట్టి ఆ అలవాటు ఎటూ పోదు. అలా లెక్క చూసుకుని "ఏం లేదులే" అనుకున్న ప్రతిసారీ నాకు ఒకాయన గుర్తొస్తారు. మా ఆఫీసులో ఆయన్ని లొసుగుల మాస్టారు అనేవాళ్లం. ఆయనకూ తెలుసు ఆ పేరు. కొత్తగా చేరినవాళ్లకు తనే అలా పరిచయం చేసుకునేవారు.

మాది ప్రశ్నలు తయారుచేసే ఆఫీసు. పెద్ద చదువుల ప్రవేశ పరీక్షల్లో క్రిటికల్ రీజనింగ్ అని ఒక భాగం ఉంటుంది. నాలుగైదు వాక్యాల్లో ఒక వాదం ఇచ్చి, అందులో లోపం ఏమిటని అడిగి, కింద ఐదు జవాబులు ఇస్తారు. వాటిలో ఒకటే ఒప్పు. ఆ వాదాలూ ఆ జవాబులూ రాయడం మా పని. మూడో అంతస్తులో ఒకటే పొడుగాటి గది. కిటికీల వైపు ఆరు బల్లలు, ఎదురు గోడకు పన్నెండు రకాల తప్పులు రాసిన అట్ట. ముందు జరిగింది కాబట్టి అదే కారణం అనుకోవడం, ఒక్కణ్ణి చూసి అందరూ అంతే అనడం, ఇలా పన్నెండు. ఆ అట్ట మీద రాత మాస్టారిదే.

ఆయన సంతకం పడనిదే ప్రశ్న గది దాటేది కాదు. దానికి ఆయన పెట్టిన పద్ధతి నిలబడటం. ప్రశ్న రాసినవాళ్లు లేచి నిలబడి, ఆ తప్పుడు వాదాన్ని తాము నిజంగా నమ్ముతున్నట్టు పైకి చదవాలి. తక్కినవాళ్లంతా దాన్ని పీకి పందిరేస్తారు. నిలబడ్డ మనిషి మారు మాట్లాడకూడదు, రాసుకోవాలి, అంతే. నాలుగు తప్పు జవాబుల్లో ఏదో ఒకటి ఒప్పేనని ఎవరైనా నెగ్గించగలిగితే ఆ ప్రశ్న చచ్చినట్టే. చేరిన మొదటి నెలలో నావి పందొమ్మిది చచ్చాయి.

మొదటిసారి నిలబడి, "వీధిలో గొడుగు పట్టుకున్నవాళ్లే ఎక్కువగా తడిసి కనిపించారు, కాబట్టి తడవడానికి కారణం గొడుగే" అని చదివాను. ఆయన చేతిలో బొటనవేలంత మిగిలిన ఎర్ర పెన్సిలు ఉండేది. దానితో బల్ల మీద మెల్లగా కొట్టి, "అమ్మాయ్, నమ్మి చదువు. నువ్వే నమ్మని అబద్ధాన్ని పరీక్ష రాసేవాడు ఎందుకు నమ్ముతాడు?" అన్నారు. నాకు కళ్లనీళ్లొచ్చినంత పనైంది. మళ్లీ చదివించారు, మళ్లీ, మళ్లీ. నాలుగోసారికి నిజంగానే గొడుగుల మీద నాకు అనుమానం పుట్టింది.

అలాగని కరుకు మనిషి కాదు. టీ తెచ్చే అతను కూడా ఆయన్ని ఇరుకున పెట్టాలని చూసేవాడు. "నిన్న టీ బాగుందన్నారు. ఇవాళ ఏమీ అనలేదు. అంటే బాగాలేనట్టేగా సార్?" అన్నాడొకసారి. ఆయన గుక్క మింగి, "నోట్లో టీ ఉందయ్యా" అన్నారు. ఆ నవ్వులు సద్దుమణగడానికి ఐదు నిమిషాలు పట్టింది.

అట్ట మీద పదకొండోది గురించి చెప్పాలి. ఎదుటి మనిషి వాదం తప్పని తేలింది కాబట్టి, ఆ మనిషి చెప్పిన సంగతి కూడా అబద్ధమే అనుకోవడం. ఇవాళ మంగళవారం కాబట్టి వాన పడుతుందని ఎవరో అన్నారనుకోండి. మంగళవారానికీ వానకీ ఏ సంబంధమూ లేదు. అంతవరకూ బాగానే ఉంది. అలా అని గొడుగు ఇంట్లో పెట్టి బయల్దేరితే తడిసి ముద్దవుతాం. ఆ రకం ప్రశ్నలు చాలామంది తప్పు చేస్తారు, అందుకని పరీక్షలవాళ్లు ఎక్కువగా అడుగుతారు. మా గదిలో అవి రాసేది మేమే. మాస్టారు తక్కిన పదకొండు రకాల్లోనూ వందల కొద్దీ రాశారు గానీ ఆ రకంలో ఒక్కటీ రాయలేదు. నేను అది గమనించనేలేదు.

పాప పుట్టాక ఆరు నెలలు సెలవు పెట్టి మళ్లీ పనిలో చేరిన వారం, నేనొక పదకొండో రకం ప్రశ్న రాశాను. ఇంట్లో రోజూ జరుగుతున్నదే రాశాను. తల్లి అంటుంది: పిల్ల సరిగ్గా తినడం లేదు, పక్కింటి పిల్లాడు ఇలాగే తినక జబ్బుపడ్డాడు, కాబట్టి మన పిల్లకూ జబ్బే. తండ్రి అంటాడు: తినకపోవడానికి వంద కారణాలుంటాయి, పక్కింటి పిల్లాడు ఒక్కడే, కాబట్టి మన పిల్లకు ఏ జబ్బూ లేదు. తండ్రి వాదంలో లోపం ఏమిటి?

నిలబడి చదివాను. తండ్రి మాటలు అచ్చం మా ఆయన గొంతుతో చదివితే అందరూ నవ్వారు. తర్వాత పీకడం మొదలుపెట్టారు. పావుగంట సేపు తిప్పి తిప్పి చూసినా ఒక్క జవాబు కూడా పట్టు తప్పలేదు. ఇక మాస్టారి వంతు. ఆయన కాగితం వైపు చూడటం లేదు. కాసేపటికి "బాగుంది" అని సంతకం పెట్టేశారు. ఒక్క ఎర్ర గీత లేదు. ఆ గదిలో అలాంటిది ఎవరూ ఎరగరు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టి బయటికి వెళ్లారు. భోజనాల వేళయినా రాలేదు. ఆయన డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

టైపు చేసే ఆవిడ మా అందరికన్నా పాత మనిషి. పిన్నీ అని పిలుస్తాం. నా ప్రశ్న టైపు చేస్తూ చేస్తూ ఆపింది.

"నీకు తెలీదు కదూ," అంది. "ఆయనకో కూతురుండేది."

రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మలుపులో, మెట్టు మీద కూర్చుని ఉన్నారాయన. ఆ ప్రశ్న కొట్టేస్తాను సార్ అన్నాను. ఎందుకు కొట్టెయ్యడం, సరిగ్గా ఉన్నదాన్ని ఎవరైనా కొట్టేస్తారా అన్నారు. కాస్త పక్కకు జరిగారు. కూర్చున్నాను. పాఠం చెప్పే గొంతుతోనే ఆయన మొత్తం చెప్పారు.

ఇరవై ఆరేళ్ల కిందటి సంగతి. అప్పుడాయన ఇలాంటి పరీక్షలకే పాఠాలు చెప్పేవారు. భార్య బట్టలు కుట్టేది. ఆమె చదువు పదో తరగతితో ఆగింది గానీ వాదనకు దిగితే ఆయన్ని మూడు చెరువుల నీళ్లు తాగించేదట. నీ కుట్టుమిషను చప్పుడుకు నాకు నిద్ర పట్టడం లేదని ఆయనంటే, "నిన్నంతా మిషను రిపేరులో ఉంది, మరి నిన్నెందుకు పట్టలేదు?" అనేది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ ఇంట్లో అదే సరదా. కూతురు అంపైరు. వేళ్లు చూపించి "అమ్మకి రెండు, నాన్నకి ఒకటి" అని లెక్క చెప్పేది. పిల్లకు పదకొండేళ్లు.

ఒక సెలవు రోజు పొద్దున ఆయన పేపరు చదువుకుంటున్నారు. పిల్ల మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని గోడ వారన బొమ్మల పుస్తకం చూస్తోంది. భార్య వంటింటి గుమ్మంలోకొచ్చి, దీనికి ఒంట్లో బాగాలేదండీ, డాక్టరుకు చూపిద్దాం అంది. ఎందుకు అన్నారాయన.

ఆమె మూడు కారణాలు చెప్పింది. పొద్దుట్నుంచీ మోకాళ్లు ముడుచుకునే కూర్చుంది. తన గుడ్డు తినకుండా మీ పళ్లెంలో వేసింది. పోయిన నెల వెనక వీధి కుర్రాడు ఇలాగే ఉండి, కడుపులో పేగు వాచిందని ఆపరేషన్ చేశారు.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. హుషారొచ్చింది. పుస్తకం పట్టుకుంటే అది ఎప్పుడూ అలాగే కూర్చుంటుంది అన్నారు. గుడ్డు నాకివ్వడానికి నా మీద ఇష్టం ఒక కారణం కావచ్చు, ఆకలి లేకపోవడం ఇంకో కారణం కావచ్చు, నువ్వు జబ్బునే ఎందుకు ఎంచుకున్నావు అన్నారు. వెనక వీధి కుర్రాడు ఒక్కడు, వాణ్ణి చూసి ఊళ్లో పిల్లలందరికీ ఆపరేషన్ చేయిద్దామా అన్నారు. కాబట్టి పిల్ల బాగానే ఉంది అని తేల్చేశారు. భార్య నవ్వేసింది. ఓడిపోయాను బాబూ, ఒప్పుకున్నాను అని లోపలికి వెళ్లింది. పిల్ల అక్కణ్ణుంచి కదలకుండానే మూడు వేళ్లు చూపించి "నాన్నకి మూడు" అంది.

మర్నాడు బళ్లో పరుగు పందెం ఉందట. మానిపిస్తారని నొప్పి దాచుకుంది. మధ్యాహ్నానికి బడివాళ్లే ఆస్పత్రికి మోసుకెళ్లారు. లోపల పగిలిపోయిందన్నారు. మూడో రోజు పోయింది. నిన్న తెచ్చి ఉంటే అని డాక్టరు ఏదో చెప్పబోయి, ఈయన ముఖం చూసి మానేశాడు.

ఇంతవరకూ చెప్పి మాస్టారు నా వైపు తిరిగారు.

"ఆవిడ చెప్పిన మూడు కారణాలూ తప్పేనమ్మా. ఇప్పటికీ తప్పే. ఎన్నిసార్లు సరిచూసుకున్నానో. నేనన్న వాటిలో ఒక్క మాటకు కూడా పరీక్షలో ఎవరూ మార్కు కొయ్యలేరు, చివర్న అన్నది తప్ప. కాబట్టి పిల్ల బాగానే ఉంది అన్నాను చూడు, అది తప్ప. అంతకు ముందు రోజే ఆ పాఠం చెప్పొచ్చాను, నలభై మందికి."

ఆ తర్వాత ఆయన భార్య ఆయనతో వాదించలేదు. తిట్టలేదు, తప్పు మీదేనని ఒక్కసారైనా అనలేదు. ఆయన ఏదన్నా 'సరే' అంటుంది. తొలి రోజుల్లో దుఃఖం వల్లేమో అనుకున్నారు. ఏడాది గడిచింది, ఐదేళ్లు గడిచాయి. సరేనండి. అప్పట్నుంచి ఆయన రోజుకొక తప్పు మాట ఇంట్లో కావాలని అనడం మొదలుపెట్టారు. చిన్నపిల్లలకు కూడా ఇట్టే దొరికే తప్పు. ఆమె పట్టుకుంటుందేమోనని. ఒక్కసారి 'కాదు' అంటుందేమోనని.

"తిడితే ఎంత బాగుండును," అన్నారు. "కాదు అంటే చాలు. ఆ ఒక్క మాట వినాలని ఉంది."

ఆ ఏడే ఆయన చూపు మందగించి పని మానేశారు. సంతకం మాత్రం ఇంకా ఆయనదే కావాలని ఆఫీసువాళ్లు పట్టుబట్టారు. ఆదివారాలు ప్రశ్నల కట్ట పట్టుకుని, పాపను చంకనేసుకుని నేను వాళ్లింటికి వెళ్లేదాన్ని. రెండు గదులు. ముందు గదిలో కిటికీ కింద కుట్టుమిషను, దాని పక్కన ఆయన పడక కుర్చీ. నేను ప్రశ్నలు చదివేదాన్ని, ఆయన కళ్లు మూసుకుని పీకేవారు. ఆమె దారం పళ్లతో కొరుకుతూ, పాప కాళ్ల దగ్గరికి ఖాళీ రీళ్లు దొర్లిస్తూ ఉండేది.

నేనున్నప్పుడే ఒకసారి ఆయన అన్నారు: "వాన పడింది, ఇవాళ ఇక కూరగాయల బండివాడు రాడు. నిన్న కూడా ఇంతే వాన. నిన్న వచ్చాడు."

అని ఆమె వైపు చూశారు. నేను నిలబడి చదివినప్పుడు గదిలో అందరూ నా వైపు ఎలా చూస్తారో అలా. మిషను ఆగింది. ఆమె సూదిలోకి దారం ఎక్కించుకుంది. "సరేనండి, ఉన్నదాంతో చేస్తాను" అంది. మిషను మళ్లీ కదిలింది. ఆయన కళ్లు మూసుకుని, తర్వాతి ప్రశ్న చదువమ్మా అన్నారు.

నాకు ఉండబట్టలేదు. వంటింట్లోకి వెళ్లి, అమ్మగారూ, ఆయన చెప్పింది తప్పు కదా అన్నాను.

"తెలుసమ్మా."

"మరి చెప్పొచ్చుగా. మీరు చెప్పాలనే కదా ఆయన..."

ఆమె గిన్నె తుడిచి బోర్లించింది. "నేనంటే ఆయన జవాబు చెప్తారు. ఆయన జవాబు నాకు నచ్చుతుంది. ఎప్పుడూ నచ్చేది. ఆ రోజూ నచ్చింది. నన్నెవరూ బలవంతం చెయ్యలేదమ్మా. నవ్వుకుంటూ ఒప్పుకున్నాను. ఇంక ఆయన జవాబు దాకా వెళ్లాలంటేనే నాకు భయం."

ఆ మాట ఆయనకు చెప్పాలా వద్దా అని ఇంటికొచ్చేదాకా కొట్టుకున్నాను. చెప్పలేదు. ఆమె నాతో చెప్పుకున్నది నేను మోసుకెళ్లి ఇవ్వడం సరి కాదనిపించింది. ఆ ఆలోచనలో ఏ రకం తప్పు ఉందో ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఈ ఏడు ఎండలు మొదలయ్యే రోజుల్లో ఆయన గుండె నీరసించింది. కాళ్లు వాచాయి. ఆస్పత్రిలో పెట్టారు. ఒక మంగళవారం మధ్యాహ్నం వెళ్లాను. ముక్కు దగ్గర గొట్టం, చేతికి సూది. కిటికీ పక్క మంచం. భార్య స్టూలు మీద కూర్చుని ఆయన కాళ్లకు నూనె రాస్తోంది. అంతకు ముందే డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి మాట్లాడాడట. అదేమిటో ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఆయన చూపు మందమే గానీ ఆ మాత్రం ఆయనకూ తెలిసింది.

కాసేపటికి ఆయన, "ఆదివారానికి ఇంటికి వెళ్లిపోతాం" అన్నారు.

ముందు ఏ కారణమూ చెప్పలేదు, వెనక ఏ కారణమూ చెప్పలేదు. మాట అని, తల ఆమె వైపు తిప్పి ఆగారు.

ఆమె చేతులు ఆయన పాదం మీద ఆగిపోయాయి. ఎప్పుడూ వెంటనే వచ్చే జవాబు ఈసారి రాలేదు. పెదవులు విడివడ్డాయి. ఆయన తల కొంచెం పైకి లేచింది. ఎంతసేపో చెప్పలేను. నేను లెక్కపెట్టని కొద్ది విషయాల్లో అదొకటి.

"సరేనండి," అంది ఆమె. "ఆదివారం వెళ్దాం."

ఆయన తల మళ్లీ దిండు మీదికి వాలింది. సరే అన్నట్టు ఆడించారు. ఆమె సీసా తీసుకుని నీళ్లకు వెళ్లింది.

గురువారం తెల్లారాక ఆయన పోయారు. పది రోజులాగి వాళ్లింటికి వెళ్లాను. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. సంతకం పడని నా కట్ట పడక కుర్చీలో అలాగే ఉంది. ఆమె దాన్ని తీసి, దుమ్ము తుడిచి నా చేతికిచ్చింది.

"ఆయన రోజూ నాకోసమే తప్పులు చెప్పేవారని తెలుసమ్మా," అంది. "మొదటి రోజు నుంచీ తెలుసు. ఒక్కొక్కటీ తెలుసు. ఆ మంగళవారం నోటిదాకా వచ్చింది. ఆయన అడుగుతున్నదేమిటో కూడా తెలుసు. పోనీ ఇద్దామనుకున్నాను. కానీ చూడు, ఇన్నేళ్లలో అది ఒక్కటే, తప్పని చెప్పడానికి నాకు మనసొప్పనిది."

తర్వాత ఏడ్చింది. నా పాపను ఒళ్లోకి తీసుకుని, దాని తల మీద గడ్డం ఆనించి, చప్పుడు లేకుండా చాలాసేపు ఏడ్చింది. పాప కదలకుండా కూర్చుంది.

ఆ మంగళవారం ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు మాస్టారు నన్ను దగ్గరికి పిలిచారు. ఎందుకలా ఉన్నావు అని అడిగారు. ఏం లేదు సార్ అన్నాను గానీ ఆయన మళ్లీ అడిగారు. పాప రెండు రోజులుగా చెవి పీక్కుంటోందని, అది మామూలుగా లేదని నాకు అనిపిస్తోందని, పళ్లొచ్చే వయసులో పిల్లలందరూ అంతేనని మా ఆయన నాకు నచ్చజెప్పాడని చెప్పాను. మీ ఆయన చెప్పిన కారణాలు బాగున్నాయా అన్నారు. బాగున్నాయి సార్, నేనే కాదనలేకపోయాను అన్నాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. చెయ్యి చల్లగా ఉంది. ఒక మాట చెప్పి, పో అన్నారు.

అటు నుంచి అటే ఇంటికి వెళ్లి, మా ఆయన్ని వెంటబెట్టుకుని పాపను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, చెవి బాగానే ఉంది, పన్ను వస్తోంది అంది. మా ఆయన చెప్పిందే నిజం. తిరిగొచ్చే దారంతా అతను నన్ను ఏడిపిస్తూనే ఉన్నాడు. ఏడిపించనిచ్చాను. ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరం మాస్టారి మాట మీదే నడుస్తున్నాం. అతను నా భయానికీ, నేను అతని భయానికీ. ఎన్నిసార్లు వెళ్లి ఉత్తినే తిరిగొచ్చామో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది కూడా. ఆయన అన్నది ఇది:

"ఇంట్లో ఎవరైనా భయమేస్తోంది అంటే, ఎందుకు అని అడక్కు. ముందు లేచి చెప్పులేసుకో. కారణాలు దారిలో అడుగు."